గాలిని పట్టి ఉంచే విద్య: బహుళ పంపు ఎయిర్ రైఫిళ్ల సంరక్షణ చరిత్ర

మందుగుండు లేకుండా గాలి ఒత్తిడితోనే గుండును తోసే తుపాకులన్నింటినీ ఎయిర్ రైఫిళ్లనే పిలుస్తున్నప్పటికీ, ఆ గాలిని సమకూర్చుకునే తీరును బట్టి అవి వేర్వేరు కుటుంబాలుగా విడిపోయాయి. తెలుగు నాట తీర్థాల్లోనూ జాతరల్లోనూ బెలూన్లు పేల్చడానికి వాడే తుపాకి స్ప్రింగు కుటుంబానికి చెందినది; దాని గొట్టాన్ని మడిచినప్పుడు లోపలి స్ప్రింగు నొక్కుకుపోతుంది, ట్రిగ్గర్ లాగిన క్షణంలో ఆ స్ప్రింగు విచ్చుకుని పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ ముందున్న గాలి అప్పటికప్పుడు ఒత్తిడికి లోనై గుండును వెళ్లగొడుతుంది. బయటి సిలిండరు నుంచి గానీ పెద్ద పంపు నుంచి గానీ ముందే గాలి నింపుకుని, ఒక్క నింపుడుతో చాలా గుళ్లు పేల్చేది మరొక కుటుంబం. ఈ రెండింటికీ భిన్నంగా, తన పంపును తనలోనే అమర్చుకుని, ప్రతి గుండుకూ మూడు నుంచి ఎనిమిది లేక పది సార్లు గాలి కొట్టించుకుని, ఆ గాలినంతటినీ ఒక్క పేలుడులో వదిలేసేది బహుళ పంపు రైఫిల్. స్ప్రింగు తుపాకిలో గాలి ఒత్తిడి క్షణంలో సగం సేపు కూడా నిలవనక్కర లేదు గాని, బహుళ పంపు రైఫిల్‌లో అది నిమిషాలు, అవసరమైతే రోజులు, చుక్క తగ్గకుండా నిలవాలి. అందువల్ల ఈ రైఫిల్ ఆయుష్షు గొట్టం మీద కన్నా, కర్ర మీద కన్నా, సీలు మీద, అంటే రెండు లోహ భాగాల నడుమ సందును మూసి గాలిని ఆపే చిన్న తోలు లేదా రబ్బరు ముక్క మీద ఎక్కువగా ఆధారపడి ఉంది. దీన్ని భద్రపరచే ఆచారాల చరిత్ర చాలావరకు ఆ ముక్క చరిత్రే.

గాలిని బంధించి పని చేయించాలన్న ఆలోచన పాతది. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో జీవించిన క్టెసిబియస్ పిస్టన్, వాల్వు గల పంపులకు ఆద్యుడిగా ప్రసిద్ధుడు. ఐరోపాలో 16వ శతాబ్దం చివరి నాటికే గాలి తుపాకులు ఉండేవని స్టాక్‌హోమ్ రాజాయుధశాలలో ఉన్న నమూనా సాక్ష్యం చెబుతుంది. 17వ శతాబ్దం ఆరంభంలో ఫ్రాన్సులోని లిసియోకు చెందిన మారాఁ బూర్జువా నాలుగో హెన్రీ రాజు కోసం అటువంటి తుపాకిని తయారు చేశాడు. ఇవన్నీ రాజుల విలాస వస్తువులు, వాటిని కనిపెట్టుకుని ఉండే పనివాళ్లు కొలువులోనే ఉండేవారు. సామాన్య సైనికుడి చేతికి గాలి తుపాకి వచ్చినప్పుడు మాత్రమే దాన్ని పదిలపరచడం అన్నది ఒక సమస్యగా ముందుకు వచ్చింది.

ఆ సమస్యను మొదటగా పెద్ద ఎత్తున ఎదుర్కొన్నది ఆస్ట్రియా సైన్యం. టిరోల్ ప్రాంతానికి చెందిన బార్తొలొమియో జిరాందోని రూపొందించిన గాలి రైఫిల్‌ను ఆ సైన్యం 1780 ప్రాంతంలో స్వీకరించింది. దాని వెనుక భాగం, అంటే భుజానికి ఆనించే మడమ, కర్రతో చేసినది కాదు. గాలిని నిలువ ఉంచే ఇనుప తిత్తి అది. పక్కనున్న గొట్టంలో ఇరవై దాకా సీసపు గుళ్లు పట్టేవి, ఖాళీ అయిన తిత్తిని మరలతో విప్పి నిండిన తిత్తిని బిగించుకునే వీలుండేది. పొగ లేకుండా, మెరుపు లేకుండా, వర్షంలో కూడా వరుసగా పేల్చగలిగిన ఈ ఆయుధం ఆ కాలానికి అద్భుతమే అయినా, ఒక తిత్తి నింపడానికి చేతిపంపుతో సుమారు 1500 సార్లు గాలి కొట్టవలసి వచ్చేది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది: తిత్తి అతుకుల దగ్గర గాలిని ఆపే తోలు వాషర్లు ఎండితే ముడుచుకుపోయి గాలి వదిలేసేవి, కాబట్టి వాటిని నీటితో తడిపి ఉబ్బేటట్లు చేస్తూ ఉండవలసి వచ్చేది. సైనికుడు బారుమందును తడవకుండా కాపాడుకోవడం తరతరాలుగా నేర్చుకున్న విద్య. ఈ కొత్త ఆయుధం అతన్ని దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేయమని, తోలును ఎండనివ్వకుండా చూడమని కోరింది. తిత్తుల తయారీ కష్టం, పంపుల కొరత, శిక్షణ లేని చేతుల్లో పాడైపోవడం అనే కారణాలు కలిసి, 1815 నాటికి ఆ రైఫిళ్లను సైన్యం నుంచి తొలగించేలా చేశాయి. గుండు వేగమో గురి లోపమో ఆ ఆయుధాన్ని ఓడించలేదన్నది గమనించదగిన విషయం. దాన్ని ఓడించింది నిర్వహణ భారం.

అదే జాతి తుపాకి అని చాలామంది పండితులు భావించే ఒక గాలి రైఫిల్ 1803 నుంచి 1806 వరకు అమెరికా ఖండాన్ని దాటిన లూయిస్, క్లార్క్ యాత్రలో ప్రయాణించింది. దారిలో కలిసిన ఆదివాసి జాతుల ఎదుట మెరివెదర్ లూయిస్ దాన్ని పదే పదే పేల్చి చూపించాడని యాత్రా దినచర్యలు చెబుతున్నాయి. యాత్ర మొదలైన కొత్తల్లోనే, పిట్స్‌బర్గ్ దగ్గరి లంకలో దాన్ని చూడవచ్చిన వారి చేతిలో అది అనుకోకుండా పేలి ఒక స్త్రీ తలకు గాయమైంది. గాలి నిండిన రైఫిల్ కూడా మందు దట్టించిన తుపాకి వంటిదేనన్న హెచ్చరిక ఆ విధంగా మొదటి రోజుల్లోనే దినచర్యకెక్కింది. 1805 జూన్‌లో ఆ రైఫిల్ ప్రధాన స్ప్రింగును జాన్ షీల్డ్స్ అనే కమ్మరి కొత్తగా చేసి వేశాడు. నాగరిక కార్ఖానాలకు వేల మైళ్ల దూరంలో, నది ఒడ్డున, ఒక కమ్మరి పనితనం వల్ల గాలి తుపాకి మళ్లీ పనిచేసిందన్న ఈ చిన్న నమోదు, సంరక్షణ చరిత్రలో ఏ పేటెంటు పత్రానికీ తీసిపోనిది. ఆస్ట్రియా సైన్యంలో వేలాది చేతుల మధ్య చెడిపోయిన యంత్రం ఒక్క జాగ్రత్తపరుడి చేతిలో మూడేళ్లు నిలిచింది.

పంపును తుపాకిలోనే కలిపి, సామాన్యుడు కొనుక్కోగల వస్తువుగా మార్చిన ఘనత అమెరికాలోని మూడు ఊళ్లకు దక్కుతుంది. 19వ శతాబ్దం ముగిసే వేళ మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరంలో వాల్టర్ బెంజమిన్ పేరుతో మొదలైన ప్రయత్నం, తరువాతి శతాబ్దంలో బెంజమిన్ ఎయిర్ రైఫిల్ కంపెనీగా స్థిరపడింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో విత్తనాల వ్యాపారం చేసుకునే క్రాస్‌మన్ కుటుంబం 1920లలో పంపు రైఫిళ్ల తయారీకి దిగింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్ పట్టణంలో వాకర్‌హాగెన్, ఆయన సహచరుడైన ఇంజినీరు క్రౌస్ కలిసి రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత షెరిడన్ కంపెనీని నిలబెట్టారు. తొలి నమూనాల్లో గొట్టం కింద నుంచి ముందుకు పొడుచుకువచ్చే కడ్డీని నేలకో గట్టి వస్తువుకో ఆనించి రైఫిల్‌ను కిందికి నొక్కుతూ గాలి కొట్టేవారు. తరువాత ముందు చేతిపట్టు కర్రే పంపు మీటగా మారి, దాన్ని కిందికి దించి పైకి మూస్తే ఒక పంపు పూర్తయ్యేలా తీర్చిదిద్దారు. మీటకు కట్టిన పిస్టన్ పంపు గొట్టంలో ముందుకు వెళ్లినప్పుడు బయటి గాలి లోపలికి చేరుతుంది, వెనక్కి వచ్చినప్పుడు ఆ గాలి ఒకవైపే తెరుచుకునే ప్రవేశ వాల్వు గుండా గాలి గదిలోకి నెట్టబడుతుంది, ట్రిగ్గర్ లాగినప్పుడు ఒక చిన్న సుత్తి నిర్గమ వాల్వును కొట్టి తెరుస్తుంది. ఇష్టం వచ్చినన్ని సార్లు గాలి కొడితే గది ఒత్తిడి సుత్తి బలాన్ని మించిపోతుంది. అప్పుడు వాల్వు సరిగా తెరుచుకోక కొంత గాలి లోపలే మిగిలిపోతుంది, మీట కీళ్లు, పిన్నులు కూడా అరుగుతాయి. షెరిడన్ చేతిపుస్తకాలు మూడుకు తక్కువ కాకుండా, ఎనిమిదికి మించకుండా అని కట్టడి చేసింది ఇందుకే. పాత రైఫిళ్లలో వంగిన మీటలు, సాగిపోయిన పిన్ను రంధ్రాలు కనిపించినప్పుడు, ఆ కట్టడిని లెక్కచేయని యజమాని చేతి గుర్తులుగానే వాటిని చదవాలి.

షెరిడన్ కథలో కొంతసేపు ఆగడం అవసరం, ఎందుకంటే దీర్ఘకాలం నిలవాలన్న సంకల్పంతోనే రూపొందిన బహుళ పంపు రైఫిల్ అదే. 1947లో వచ్చిన మొదటి నమూనాకు వాల్‌నట్ కర్ర, కంచు మిశ్రమపు గొట్టం, అంతవరకు ఏ కంపెనీ వాడని 5 మిల్లీమీటర్ల ప్రత్యేక గుండు అమర్చారు. దాని ధర 56.50 డాలర్లు, ఆ డబ్బుకు ఆనాటి అమెరికాలో నాణ్యమైన మందుగుండు రైఫిలే వచ్చేది. గాలి తుపాకి అంటే పిల్లల ఆటవస్తువన్న అభిప్రాయం బలంగా ఉన్న కాలంలో అంత ధర పెట్టేవారు తక్కువ, అందువల్ల 1953లో తయారీ ఆగేసరికి సుమారు రెండు వేల పైచిలుకు మాత్రమే బయటికి వచ్చాయి. కంపెనీని బతికించినవి 1949 నుంచి వచ్చిన చవక నమూనాలు, నికెల్ పూతతో మెరిసే సిల్వర్ స్ట్రీక్, నల్లని పూత గల బ్లూ స్ట్రీక్. ఇవి దశాబ్దాల పాటు పెద్దగా మారకుండా తయారవుతూ వచ్చాయి. 1977లో షెరిడన్‌ను బెంజమిన్ కొనుక్కోవడం, 1992లో ఆ రెండింటినీ క్రాస్‌మన్ కలుపుకోవడం జరిగిన తరువాత కూడా ఆ వంశం కొనసాగింది. ఒకే నమూనా అన్ని సంవత్సరాలు నడవడం సంరక్షకుడికి వరం, ఎందుకంటే ఒక తరం రైఫిల్‌కు చేసిన సీలు మరొక తరం దానికి కొద్ది సవరణలతో సరిపోతుంది.

తొలి తరం పంపు రైఫిళ్లలో పిస్టన్ కొసన ఉండేది సైకిలు పంపులో ఉండే తోలు వాషరు వంటిదే, గిన్నెలా వంచిన తోలు ముక్క. పిస్టన్ వెనక్కి వచ్చేటప్పుడు గాలి ఒత్తిడికి ఆ గిన్నె అంచులు విచ్చుకుని గొట్టం గోడలకు అదిమి పట్టుకుంటాయి. తోలు తడిగా, మెత్తగా ఉన్నంత కాలమే ఈ పని జరుగుతుంది. ఆస్ట్రియా సైనికుడు నీరు వాడిన చోట అమెరికా యజమాని నూనె వాడాడు, ఎందుకంటే నీరు ఆవిరైపోతుంది, ఇనుప భాగాలకు తుప్పు పట్టిస్తుంది. పశువుల పాదాలు, కాలి ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె తోలు పనివాళ్లకు చిరకాలంగా తెలిసినది. అది తోలు పీచుల్లోకి దిగి మెత్తదనాన్ని చాలాకాలం నిలుపుతుంది. గట్టిపడిన తోలు గిన్నెను ఆ నూనెలో నానబెడితే, పగుళ్లు పడనంత వరకు, అది మళ్లీ మునుపటిలా పనిలోకి వస్తుంది. కాలం చెడగొట్టిన తోలును ఇలా తిరిగి బతికించుకోగలగడం తరువాత వచ్చిన ఏ పదార్థానికీ అంత సులభంగా అబ్బలేదు.

20వ శతాబ్దం మధ్యలో తోలు స్థానాన్ని కృత్రిమ రబ్బరు ఆక్రమించడం మొదలైంది. డెన్మార్క్ నుంచి అమెరికాకు వలస వెళ్లిన నీల్స్ క్రిస్టెన్సెన్ 1937లో దరఖాస్తు చేసి 1939లో పేటెంటు పొందిన ఓ-రింగ్, అంటే గాడిలో కూర్చుని ఒత్తిడికి కొంచెం నలిగి సందును మూసే గుండ్రని రబ్బరు ఉంగరం, యుద్ధ కాలంలో విమానాల ద్వారా పరిశ్రమ అంతటా వ్యాపించి క్రమంగా గాలి తుపాకుల్లోకి కూడా చేరింది. దీనితో నూనె విషయంలో పాత అలవాట్లు చిక్కుల్లో పడ్డాయి. సహజ రబ్బరు పెట్రోలియం నూనెలో ఉబ్బి మెత్తబడి పాడైపోతుంది. నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు అదే నూనెను తట్టుకుంటుంది గాని కొన్ని ఘాటైన ద్రావకాలను తట్టుకోలేదు. నియోప్రీన్ ఈ రెండింటికీ మధ్యలో నిలుస్తుంది. తోలుకు మేలు చేసిన నూనె రబ్బరుకు కీడు చేయవచ్చు, రబ్బరు కోసం చేసిన నూనె తోలుకు చాలకపోవచ్చు. ఈ గందరగోళాన్ని తప్పించడానికే క్రాస్‌మన్ కంపెనీ తన రైఫిళ్ల సీళ్లకు సరిపడే పెల్‌గన్ ఆయిల్‌ను చిన్న గొట్టాల్లో అమ్మింది, పంపు పిస్టన్ మీద అప్పుడప్పుడు ఒక చుక్క వేయమని చేతిపుస్తకాల్లో రాసింది. ఆ చుక్క తోలునో రబ్బరునో మెత్తపరచడంతో ఆగదు. గాలితో పాటు సన్నని తుంపరగా గాలి గదిలోకి చేరి వాల్వుల మీద కూడా పలుచని పొరగా పరుచుకుంటుంది. ఇళ్లలో తుప్పు వదిలించడానికి చల్లే తేలికపాటి స్ప్రే ద్రవాలను ఇందులో చల్లిన వారు మాత్రం నష్టపోయారు, ఎందుకంటే వాటిలోని ద్రావకం పాత గ్రీజును కడిగేసి, ఆరిన తరువాత జిగటైన పొరను మిగిల్చి, వాల్వు కూర్చునే చోట దుమ్మును అంటిస్తుంది.

కొత్త పదార్థమంతా పాతదానికన్నా మన్నికైనదన్న నమ్మకాన్ని గాలి తుపాకుల చరిత్ర సమర్థించదు. 1960, 1970 దశకాల్లో జర్మనీలో తయారైన కొన్ని ఖరీదైన స్ప్రింగు రైఫిళ్లలో వాడిన తొలి తరం కృత్రిమ పిస్టన్ సీళ్లు, రైఫిల్‌ను వాడినా వాడకపోయినా, పెట్టెలో ఉండగానే మైనంలా మెత్తబడి ముక్కలైపోయాయి. కొన్ని రకాల పాలీయురేథేన్‌ను గాలిలోని తేమే నెమ్మదిగా విడగొడుతుంది. ఈ మార్పు మొదలైన తరువాత ఏ నూనె కూడా దాన్ని వెనక్కి తిప్పలేదు. అదే కాలంలో అటక మీద మరిచిపోయిన తోలు వాషరు గల బెంజమిన్ రైఫిల్ కొన్ని చుక్కల నూనె, ఒక రాత్రి విశ్రాంతితో మళ్లీ గాలి పట్టిన సందర్భాలు మరమ్మతుదారులకు సుపరిచితం. అందుచేత ఒక పాత రైఫిల్‌ను చేతికి తీసుకున్నవారు మొదట తేల్చుకోవలసింది దాని వయసు కన్నా దాని లోపలి సీలు ఏ పదార్థంతో చేసినదన్నదే.

బహుళ పంపు రైఫిళ్లతో పుట్టిన ఆచారాల్లో అన్నింటికన్నా ప్రత్యేకమైనది, దాచేటప్పుడు లోపల ఒక పంపు గాలి ఉంచడం. దీనికి యాంత్రికమైన కారణం స్పష్టంగానే ఉంది. గాలి గదికి ఇరువైపులా ఉండే ప్రవేశ వాల్వు, నిర్గమ వాల్వు రెండూ లోపలి ఒత్తిడితోనే గట్టిగా మూసుకుంటాయి. గది ఖాళీగా ఉన్నప్పుడు వాటిని పట్టి ఉంచేవి బలహీనమైన చిన్న స్ప్రింగులు మాత్రమే. అలా వదులుగా కూర్చున్న వాల్వు అంచుకు ఏ చిన్న నలుసు చేరినా, ఆ తరువాత కొట్టిన గాలి ఆ నలుసు పక్కనుంచి జారిపోతుంది. కొంచెం గాలి ఉంటే వాల్వు తన పీట మీద సరిగా కూర్చుంటుంది, సీలు తన ఆకారం నిలుపుకుంటుంది, నెలల తరువాత రైఫిల్‌ను తీసి గాలిలోకి పేల్చగానే వినిపించే చిన్న శబ్దం లోపలి సీళ్లు చెక్కు చెదరలేదని తెలియజేస్తుంది. అయితే లోపల ఉంచిన గాలితో తేమ చిక్కు కూడా ఉంది. ఒత్తిడికి గురైన గాలి తనలోని ఆవిరిని నీటిగా వదులుతుంది, గదిలో పేరుకున్న ఆ నీరు ఉక్కు గోడలకు తుప్పు పట్టిస్తుంది. ఇత్తడి గోడల మీద అంత ప్రభావం చూపదు. పాత బెంజమిన్, షెరిడన్ రైఫిళ్ల ఇత్తడి గొట్టాలు అర్ధ శతాబ్దం తరువాత కూడా లోపల శుభ్రంగా కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

అయితే ఈ ఆచారానికి ఒక ప్రమాదకరమైన ముఖం ఉంది, దాన్ని దాచి ఆచారాన్ని మాత్రమే పొగడడం తప్పవుతుంది. లోపల ఒక పంపు గాలి ఉన్న రైఫిల్ పేలగలిగిన రైఫిలే. దగ్గరి నుంచి కంటికి తగిలితే ఆ తక్కువ ఒత్తిడి కూడా చూపు పోగొట్టగలదు. అందువల్ల గొట్టంలో గుండు లేదని కంటితో చూసి నిర్ధారించుకోకుండా, గుళ్ల డబ్బాను వేరే చోట తాళం వేసి పెట్టకుండా, రైఫిల్‌ను పిల్లలకు అందని చోట ఉంచకుండా ఈ పద్ధతిని పాటించకూడదు. పిల్లలున్న ఇంట్లో గాలి గదిని పూర్తిగా ఖాళీ చేసి దాచడమే మేలు. వాల్వు పాడైతే దాన్ని మార్చుకోవచ్చు.

ఇత్తడి తుప్పు పట్టదన్న భరోసా చాలామందిని మరొక ప్రమాదం వైపు నడిపించింది, దాని చరిత్రకు భారతదేశంతో నేరుగా సంబంధం ఉంది. బ్రిటిషు పాలనలో భారతదేశంలోని సైన్యం నిలువ చేసిన తూటాల ఇత్తడి తొడుగులు వర్షాకాలం గడిచాక పగుళ్లు తేలి కనిపించేవి. ఆ తూటాలను తరచు గుర్రపు శాలల్లో భద్రపరిచేవారు. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా తేమ గాలిలో కలిసి ఇత్తడిని సోకేది. తయారీలో సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి, బయటి అమ్మోనియా కలిసి ఈ పగుళ్లను పుట్టిస్తున్నాయని 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే శాస్త్రవేత్తలు విశదీకరించారు. ఋతువును బట్టి కనిపించింది కాబట్టి ఋతు పగులు అని అర్థం వచ్చే పేరు దానికి స్థిరపడింది. లోహాన్ని తగిన వేడికి గురిచేసి లోపలి ఒత్తిడిని తీసివేయడం దానికి మందుగా తేలింది. ఈ పాఠం ఇత్తడి గొట్టాల రైఫిళ్ల యజమానులకు నేరుగా వర్తిస్తుంది. అమ్మోనియా కలిసిన ఇత్తడి పాలిష్‌లు, మందుగుండు తుపాకుల గొట్టాల్లో రాగి మరకలు తీసే అమ్మోనియా ద్రావకాలు ఈ రైఫిళ్ల దగ్గరకు రాకూడదు. పశువుల కొట్టం, కోళ్ల గూడు, ఎరువుల గది వంటి చోట్ల ఇత్తడి రైఫిల్‌ను దాచకూడదు.

పాలిష్ వల్ల కలిగే మరో నష్టం చారిత్రకమైనది. పాత బెంజమిన్ రైఫిళ్ల ఇత్తడి మీద మొదట తెల్లని నికెల్, దానిపైన నల్లని నికెల్ పూత వేసేవారు. చేతులు ఎక్కువగా తగిలిన చోట నలుపు అరిగి తెలుపు, అది కూడా అరిగిన చోట ఇత్తడి పసుపు బయటపడుతుంది. ఒకే రైఫిల్ మీద కనిపించే ఈ మూడు రంగులు దాన్ని పట్టుకున్న చేతులు ఎక్కడ ఆనాయో, ఎన్నేళ్లు ఆనాయో తెలియజేస్తాయి. మెరుపు కోసం మొత్తం పూతను రుద్ది తీసేసిన రైఫిల్ చూడడానికి కొత్తగా ఉంటుంది గాని, ఆ ఆధారమంతా దాని నుంచి చెరిగిపోతుంది. అందుకే సేకర్తలు అటువంటి రైఫిల్‌కు అరిగిన పూత గల దానికన్నా తక్కువ విలువ కడతారు, అది న్యాయమే. గొట్టాన్ని పంపు గొట్టానికి కలిపే టంకపు అతుకు ఇంకొక సున్నితమైన చోటు. రైఫిల్‌ను గొట్టం పట్టుకుని పైకెత్తడం, దూరదర్శిని బిగింపులను అతిగా బిగించడం, వంగిన గొట్టాన్ని చేత్తో సరిచేయబోవడం వంటి పనుల వల్ల ఆ అతుకు విడిపోతే, మళ్లీ వేడి చేసి అతికించడంలో పూత మొత్తం పోతుంది.

బయటి లోహానికి సంగ్రహాలయాలు ఎంచుకున్న మార్గం వేరు. చేతి చెమటలోని ఉప్పు లోహం మీద వేలిముద్రల ఆకారంలోనే మరకలు తేలుస్తుంది కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ పొడి మెత్తని బట్టతో తుడవడం, ఆపైన పలుచని మైనపు పూత వేయడం అక్కడి అలవాటు. 1950ల చివరిలో బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో వెర్నర్ అనే శాస్త్రవేత్త రూపొందించిన సూక్ష్మ స్ఫటిక మైనం ఇందుకు ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. అది నూనెలా దుమ్మును లాగదు, కర్రకూ లోహానికీ రెండింటికీ పనికివస్తుంది. కర్ర విషయంలో వాల్‌నట్ మడమలకు ఉడికించిన అవిసె నూనెను అతి తక్కువగా రాయడం పాత పద్ధతే గాని, వార్నిష్ వేసిన క్రాస్‌మన్ కర్రలకు నూనె రాస్తే లోపలికి ఇంకక పైనే జిగురవుతుంది. రైఫిల్‌ను నురుగు పరిచిన పెట్టెలోనో తోలు సంచిలోనో ఏళ్ల తరబడి మూసి ఉంచడం అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసే అలవాటు. ఆ సంచి తేమను పీల్చుకుని లోహానికి ఆనించి పెడుతుంది. సీసపు గుళ్లు కూడా తమదైన రీతిలో చెడతాయి. ఓక్ కర్రతో చేసిన అలమారుల నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తెల్లని పొడిగా మారుస్తుందని సంగ్రహాలయాల వారికి చాలాకాలంగా తెలుసు, ఆ పొడి విషపూరితం. అందువల్ల పాత గుళ్లను మూత గట్టిగా పట్టే రేకు డబ్బాల్లో ఉంచి, ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కోవాలి.

తెలుగు నేల మీద ఈ మాటలకు అదనపు బరువు ఉంది. విశాఖపట్నం నుంచి నెల్లూరు వరకు సాగే తీరంలో గాలిలో ఉప్పు, తేమ రెండూ ఏడాది పొడవునా ఎక్కువ. హైదరాబాదులో వేసవి పొడి గాలి కర్రను ముడిచి, వెంటనే వచ్చే వర్షాకాలం దాన్ని మళ్లీ ఉబ్బిస్తుంది. సాపేక్ష ఆర్ద్రతను, అంటే ఆ ఉష్ణోగ్రతలో గాలి పట్టగల ఆవిరిలో ఎంత శాతం ఉన్నదో చెప్పే కొలతను, ఏడాదంతా సుమారు సగం దగ్గర నిలకడగా ఉంచడం సంగ్రహాలయాల లక్ష్యం. ఇళ్లలో అది సాధ్యం కానప్పుడు సిలికా జెల్ సంచులు పెట్టి, వర్షాకాలంలో వాటిని వేడిచేసి ఆరబెట్టి మళ్లీ పెట్టడం చేయదగిన పని. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్లకు మించిన శక్తి గానీ .177 అంగుళానికి మించిన వ్యాసం గానీ ఉన్న గాలి ఆయుధాలకు భారతదేశంలో లైసెన్సు కావాలి, కాబట్టి 5 మిల్లీమీటర్ల షెరిడన్, .22 బెంజమిన్ వంటివి ఇక్కడ స్వేచ్ఛగా ఉంచుకోదగిన వస్తువులు కావు.

క్రీడారంగంలో గాలి రైఫిల్ 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీగా ప్రవేశించే నాటికి బహుళ పంపు విధానం అక్కడ నిలవలేదు. ప్రతి గుండుకూ చెయ్యి అలిసేలా గాలి కొట్టడం గురి నిలకడకు శత్రువు కాబట్టి, ఒక్క పంపుతో సరిపోయే రైఫిళ్లు, తరువాత ముందే గాలి నింపిన రైఫిళ్లు ఆ స్థానాన్ని తీసుకున్నాయి. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ రెండో తరం ఆయుధాలతో సాగే పోటీలోనే. మరోవైపు, 1966లో క్రాస్‌మన్ విడుదల చేసిన 760 నమూనా బహుళ పంపు రైఫిల్‌ను లక్షల ఇళ్లకు చేర్చింది, కాలక్రమంలో అందులో కర్ర, ఇత్తడి స్థానాల్లో ప్లాస్టిక్ చేరింది. ధర తగ్గిన కొద్దీ మరమ్మతు కన్నా కొత్తది కొనడమే చౌక అయింది, దానితో తోలును నానబెట్టడం, వాల్వు పీటను నూరి చదును చేయడం తెలిసిన చేతులు తగ్గిపోయాయి.

ఆ విద్య నేడు అమెరికాలో కొన్ని చిన్న మరమ్మతు కేంద్రాల్లోనూ, సీళ్లను కొత్త పదార్థాలతో మళ్లీ తయారు చేసే కొద్దిమంది పనివాళ్ల దగ్గరా మిగిలి ఉంది. వారిలో జాగ్రత్తగలవారు పాటించే పద్ధతి ఆయుధ సంరక్షణ శాస్త్రం ఆమోదించేదే: గాలి వదిలే సీలును మార్చడానికి వెనుకాడరు, ఎందుకంటే గాలి పట్టని పంపు రైఫిల్ తన పని తెలియజేయలేదు, అయితే తీసిన పాత తోలు గిన్నెను, పాత వాల్వు పీటను పారేయకుండా, తీసిన తేదీ, కొత్తగా వేసిన పదార్థం పేరు, వాడిన నూనె రకం రాసిన చీటీతో కలిపి ఒక కాగితపు సంచిలో వేసి రైఫిల్‌తో పాటే అప్పగిస్తారు. తరువాత ఆ రైఫిల్‌ను విప్పబోయే వ్యక్తికి లోపల తోలు ఉందో నైట్రైల్ ఉందో ఊహించవలసిన పని ఉండదు, ఏ నూనె వేయాలో ఆ చీటీయే చెబుతుంది.